పాత డైమ్ చేతికొస్తే దాని ధర ఎలా తేల్చుకోవాలి

అమెరికాలో మన తెలుగు ఇళ్ళలో చాలాచోట్ల చిల్లర వేసే గాజు సీసా ఒకటి ఉంటుంది. అపార్ట్‌మెంట్ లాండ్రీకి క్వార్టర్లు కావాలి కాబట్టి అవి ఎప్పటికప్పుడు ఖాళీ అయిపోతాయి. పెన్నీలూ, పది సెంట్ల డైమ్‌లూ మాత్రం ఏళ్ళ తరబడి అడుగున మిగిలిపోతాయి. ఒకరోజు ఆ సీసా బోర్లిస్తే, మామూలు వాటికన్నా తెల్లగా, కొంచెం అరిగిపోయి, గుర్తుపట్టని బొమ్మతో ఒక చిన్న నాణెం బయటపడుతుంది. లేదా ఎవరింట్లోనో పాత సామానంతా అమ్మేసే ఎస్టేట్ సేల్‌లో కొన్న డబ్బాలో దొరుకుతుంది. అదే సమయానికి ఫోన్‌లో "ఈ డైమ్ మీ దగ్గరుంటే మీరు లక్షాధికారి" అనే వీడియో కూడా కనబడుతుంది.

ఆ వీడియో పక్కన పెట్టండి. డైమ్ ధర దాని వయసును బట్టి రాదు. సంవత్సరం, ఏ టంకశాలలో తయారైంది, ఎంత బాగా నిలిచింది, ఎవరైనా దాన్ని పాడుచేశారా లేదా అన్న నాలుగూ కలిస్తేనే ధర. 1890ల నాటి డైమ్ కొద్ది డాలర్లకే పోవచ్చు, 1982 నాటిది వంద డాలర్లు పలకవచ్చు. ఈ తేడాను మీ అంతట మీరే ఇంట్లో కూర్చుని చాలావరకు తేల్చుకోవచ్చు.

కావలసినవి పెద్దగా ఏమీ లేవు. నగల షాపుల్లో వాడే పది రెట్ల భూతద్దం, గ్రాములో నూరోవంతు చూపించే చిన్న డిజిటల్ తూకం, ఒక అయస్కాంతం, మంచి టేబుల్ లైట్, కింద పరచడానికి మెత్తటి గుడ్డ. నాణేన్ని ఎప్పుడూ అంచుల దగ్గరే పట్టుకోండి. వేలి ముద్ర పడిందంటే ఆ జిడ్డు లోహంలోకి ఎక్కి ఏళ్ళ తర్వాత మచ్చగా తేలుతుంది.

అన్నిటికన్నా ముందు: తోమకండి

ఇది మొదటే చెప్పాలి. ఎందుకంటే మన చేతులు ముందు వెళ్ళేది దానికే. పూజ గదిలో వెండి కుందులు నల్లబడితే విభూతితోనో పళ్ళపొడితోనో తళతళలాడేలా తోముతాం. వెండి అంటే తోమాలి అని మనకు చిన్నప్పటినుంచి అలవాటు. నేనూ అదే చేశాను. ఎస్టేట్ సేల్‌లో గుండీల డబ్బా ఒకటి కొంటే అందులో పదకొండు డైమ్‌లు వచ్చాయి. వాటిలో ఒకటి 1921 నాటిది. నల్లగా ఉందని విభూతి వేసి మెత్తగా రుద్దాను. మెరిసింది, సంతోషించాను. నెల తర్వాత ఒక నాణేల వ్యాపారి దాన్ని లైటు కింద వంచి చూసి, "తోమారు కదా" అన్నాడు. కంటికి ఆనని సన్నటి గీతలు నాణెం అంతా ఉన్నాయి. తోమకపోతే ఎంత వచ్చేదో అందులో సగం కూడా ఇవ్వనన్నాడు.

నాణేలు సేకరించేవాళ్ళకు ఆ నలుపు మురికి కాదు. వెండి ఏళ్ళ తరబడి గాలితో కలిసి తెచ్చుకున్న రంగు. అది చెక్కు చెదరకుండా ఉంటే పైపొర అసలుదే అని నమ్మకం. ఒకసారి పోతే ఎవరూ తిరిగి తేలేరు. మట్టి బాగా అంటుకుని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో కాసేపు నానబెట్టి, రుద్దకుండా గుడ్డ మీద ఆరనివ్వండి. అంతకు మించి బేకింగ్ సోడా, టూత్‌పేస్ట్, చింతపండు, నగలు కడిగే ద్రావణం ఏదీ వద్దు.

అంచు చూడండి, తూచండి

డైమ్‌ను నిలబెట్టి అంచు చూడండి. చుట్టూ సన్నని గాట్లు ఉంటాయి, ఇప్పటి డైమ్‌కి అవి 118. ఆ గాట్ల మధ్యలో గోధుమరంగు గీత కనిపిస్తే అది రాగి. 1965 నుంచి జనం చేతుల్లో తిరగడానికి చేసిన డైమ్‌లన్నీ ఇలాంటివే. మధ్యలో స్వచ్ఛమైన రాగి, దానికి రెండు వైపులా రాగి నికెల్ మిశ్రమం పొరలు. అంచు అంతా ఒకే తెలుపు ఉంటే వెండి అయి ఉండే అవకాశం ఎక్కువ. 1964 వరకు వచ్చిన డైమ్‌లలో తొంభై శాతం వెండి ఉంది. వెండి ధర పెరిగి, జనం నాణేలు దాచుకోవడం మొదలుపెట్టాక, 1965 చట్టంతో డైమ్‌లోంచి వెండి తీసేశారు.

తూకం దీన్ని ఖాయం చేస్తుంది. వెండి డైమ్ 2.50 గ్రాములు, రాగి నికెల్ డైమ్ 2.27 గ్రాములు. బాగా అరిగిన వెండి డైమ్ కొంచెం తక్కువ తూగుతుంది, అది సహజం. అయస్కాంతానికి రెండూ అంటుకోవు. అంటుకుంటే అది నకిలీ, లేదా కెనడా పది సెంట్ల నాణెం. కెనడా నాణెం మీద తెరచాప పడవ ఉంటుంది. సరిహద్దు రాష్ట్రాల్లో అది డైమ్‌ల మధ్య తరచుగా దొరుకుతుంది.

వెండి అని తేలితే ఆ నాణేనికి ఒక కనీస ధర ఉన్నట్టే. ఒక్కో డైమ్‌లో 0.0723 ట్రాయ్ ఔన్సు (వెండి బంగారాలు తూచే ఔన్సు) వెండి ఉంటుంది. ఆ రోజు వెండి ధర ఔన్సుకు ఎంతో చూసి 0.0723 తో హెచ్చవేయండి. ఔన్సు 30 డాలర్లయితే డైమ్‌లో 2 డాలర్ల 17 సెంట్ల వెండి ఉంది. 1940ల నాటి డైమ్‌లలో చాలావాటి ధర ఇంతే, వెండి ధరకు అటూ ఇటూ. ఇంతకన్నా తక్కువకు ఎవరైనా అడిగితే ఇవ్వనక్కరలేదు.

1965 డైమ్ దొరికితే మాత్రం తప్పకుండా తూచండి. పాత వెండి బిళ్ళలు కొన్ని మిషన్‌లో మిగిలిపోయి, వాటి మీద 1965 అని పడ్డ నాణేలు చాలా కొద్దిగా ఉన్నాయి. అలాగే 1964 అని పడ్డ రాగి నికెల్ డైమ్‌లూ ఉన్నాయి. రెండింటికీ వేల డాలర్లు వస్తాయి. అందుకే 1964, 1965 డైమ్‌లను చూసి ఊరుకోకుండా తూకం వేయాలి.

బొమ్మను బట్టి కాలం పట్టుకోండి

డైమ్ మీద బొమ్మ చూస్తే ఏ కాలానిదో వెంటనే తెలుస్తుంది. 1946 నుంచి 2025 వరకు వచ్చినవాటి మీద అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ముఖం ఉంటుంది. ఆయన 1945 ఏప్రిల్‌లో చనిపోయారు. పోలియో మీద పోరాటానికి జనం ఒక్కొక్క డైమ్ పంపించిన ఉద్యమం ఆయన పేరుతో ముడిపడి ఉంది. అందుకే ఆయన ముఖానికి డైమ్‌నే ఎంచుకున్నారు, ఆయన పుట్టినరోజు జనవరి 30న విడుదల చేశారు.

1916 నుంచి 1945 వరకు వచ్చినవాటిని అందరూ మెర్క్యురీ డైమ్ అంటారు. రెక్కలున్న టోపీ పెట్టుకున్న తల చూసి రోమన్ల దేవుడు మెర్క్యురీ అనుకున్నారు. నిజానికి ఆమె స్వేచ్ఛాదేవత, రెక్కలు ఆలోచనా స్వేచ్ఛకు గుర్తు. ఆ బొమ్మ గీసింది అడాల్ఫ్ వైన్‌మన్. డైమ్‌లన్నిటిలో నాకు ఇదే అందమైనది. బొరుసు వైపు పుల్లల కట్ట, మధ్యలో గొడ్డలి, చుట్టూ ఆలివ్ కొమ్మ.

1892 నుంచి 1916 వరకు వచ్చినవి బార్బర్ డైమ్‌లు, టంకశాల ప్రధాన చెక్కుడు పనివాడు ఛార్లెస్ బార్బర్ పేరు మీద. నుదుటి పట్టీ మీద 'లిబర్టీ' అని రాసి ఉంటుంది. 1837 నుంచి 1891 వరకు రాతి మీద కూర్చున్న స్వేచ్ఛాదేవత. అంతకు ముందు 1809 నుంచి 1837 వరకు టోపీతో, 1796 నుంచి 1807 వరకు జాలువారే గుడ్డతో ఉన్న ముఖాలు. ఈ చివరి రెండు కాలాలవి మీ చేతికొస్తే ఎంత అరిగినా సరే ఇక ముందుకెళ్ళకుండా నిపుణుడి దగ్గరికి తీసుకెళ్ళండి.

చిన్న అక్షరం మీదే పెద్ద తేడా

ఇక్కడ నిదానంగా ఉండండి. ఏ టంకశాలలో తయారైందో చెప్పే చిన్న అక్షరం కోసం భూతద్దంతో వెతకాలి. 'డి' అంటే డెన్వర్, 'ఎస్' అంటే శాన్‌ఫ్రాన్సిస్కో, 'ఓ' అంటే న్యూఆర్లీన్స్, 'సీసీ' అంటే నెవాడాలోని కార్సన్ సిటీ, 'డబ్ల్యు' అంటే వెస్ట్ పాయింట్. ఫిలడెల్ఫియా డైమ్‌ల మీద 1979 వరకు అసలు అక్షరమే లేదు, 'పి' వేయడం 1980లో మొదలైంది.

అక్షరం ఎక్కడ ఉంటుందో కాలాన్ని బట్టి మారుతుంది. బార్బర్ డైమ్‌కి బొరుసు వైపు దండ కింద. మెర్క్యురీ డైమ్‌కి బొరుసు వైపు కింద, 'వన్' అన్న మాట చివరి అక్షరం పక్కన, కట్ట అడుగుకు ఎడమవైపు. 1946 నుంచి 1964 వరకు రూజ్‌వెల్ట్ డైమ్‌కి బొరుసు వైపు కాగడా అడుగున ఎడమవైపు. 1965 నుంచి 1967 వరకు ఏ టంకశాల కూడా అక్షరం వేయలేదు. 1968 నుంచి బొమ్మ వైపు సంవత్సరం పైన.

ఇప్పుడు గుర్తుంచుకోవలసిన కొన్ని. 1916 'డి' మెర్క్యురీ డైమ్‌లు 2,64,000 మాత్రమే. బాగా అరిగిపోయినదైనా వందల డాలర్లు పలుకుతుంది. 1921, 1921 'డి' డైమ్‌లు కూడా తక్కువే, అరిగినవాటికి కొన్ని పదుల డాలర్లు వస్తాయి. 1942 డైమ్‌లో '2' అంకె కింద '1' నీడలా కనిపిస్తే అది రెండు సంవత్సరాల అచ్చులు ఒకదాని మీద ఒకటి పడ్డది, దానికీ వందల డాలర్లు. బార్బర్ డైమ్‌లలో 1895 'ఓ' అరుదు. కార్సన్ సిటీలో 1871 నుంచి 1874 వరకు చేసినవి ఏవైనా అరుదే. 1894లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 24 డైమ్‌లే చేశారు. వాటిలో ఒకటి 2016 వేలంలో దాదాపు 20 లక్షల డాలర్లకు పోయింది. అలాంటిది సీసాలో దొరుకుతుందని ఎదురుచూడకండి, కానీ 1894 కనబడితే అక్షరం చూడకుండా వదలకండి.

రూజ్‌వెల్ట్ డైమ్‌లలో 1982 నాటిది మీ సీసాలో నిజంగా దొరకగలిగినది. ఆ ఏడాది ఫిలడెల్ఫియాలో ఒక అచ్చు మీద 'పి' అక్షరం వేయడం మరిచిపోయారు. ఆ డైమ్‌లు ఒహాయో రాష్ట్రంలో శాండస్కీ ఊళ్ళోని సీడర్ పాయింట్ అనే వినోద పార్కులో చిల్లరగా బయటికొచ్చాయి. సంవత్సరం పైన ఖాళీగా ఉంటే దాని స్థితిని బట్టి పదుల నుంచి వందల డాలర్లు. 1996 'డబ్ల్యు' కూడా చూడండి. అది సేకరణ సెట్లలో మాత్రమే ఇచ్చినది, ఎవరో సెట్ విప్పి ఖర్చుపెడితే చిల్లరలోకి వస్తుంది.

ఇక వీడియోలన్నిటికీ మూలమైన 1975 డైమ్. శాన్‌ఫ్రాన్సిస్కోలో సేకరణ కోసం అద్దంలా మెరిసేలా కొట్టిన ప్రూఫ్ డైమ్‌లలో రెండింటి మీద 'ఎస్' లేదు. ఇప్పటివరకు తెలిసినవి ఆ రెండే. ఒకటి 2024 అక్టోబరులో 5,06,250 డాలర్లకు అమ్ముడైంది. అదే ఏడాది ఫిలడెల్ఫియాలో 58 కోట్లకు పైగా డైమ్‌లు కొట్టారు, వాటిలో ఒక్కదాని మీదా అక్షరం ఉండదు, ఉండకూడదు కూడా. మీ చిల్లరలో అక్షరం లేని 1975 డైమ్ కనిపిస్తే అది ఆ 58 కోట్లలో ఒకటి, విలువ పది సెంట్లు. 1965, 1966, 1967 వాటి సంగతీ అంతే. "అక్షరం లేదు" అనగానే టెన్షన్ పడకండి, ఆ సంవత్సరంలో అక్షరం ఉండాలా వద్దా అని ముందు అడగండి.

ఎంత అరిగిందో అంచనా వేయండి

నాణేల స్థితిని 1 నుంచి 70 వరకు అంకెలతో చెబుతారు, దీన్ని షెల్డన్ కొలత అంటారు. 70 అంటే ఏ లోపమూ లేనిది. మీరు అంకె చెప్పనక్కరలేదు, ఏ మెట్టు మీద ఉందో తెలిస్తే చాలు.

బార్బర్ డైమ్‌కి నుదుటి పట్టీ చదవండి. 'లిబర్టీ' పూర్తిగా అరిగిపోతే కింది మెట్టు, మూడు అక్షరాలు కనిపిస్తే దానికి పైది, మాట మొత్తం చదవగలిగితే ఇంకా పైది. మెర్క్యురీ డైమ్‌కి బొరుసు వైపు కట్టలోని నిలువు పుల్లలు చూడండి. పుల్లలు కలిసిపోయి నున్నగా ఉంటే కింది మెట్టు, సగం విడిగా కనిపిస్తే తర్వాతది, అన్నీ విడివిడిగా ఉంటే ఇంకా పైది. అసలు అరగని వాటిలో కట్టను మధ్యలో బిగించిన రెండు పట్టీలు స్పష్టంగా విడిపోయి కనిపిస్తే ధర చాలా పెరుగుతుంది, ఒక్కోసారి అదే సంవత్సరం, అదే అక్షరం ఉన్న మరో నాణేనికి ఎన్నో రెట్లు. రూజ్‌వెల్ట్ డైమ్‌కి కాగడా మీద గీతలు అలా చూస్తారు.

అరగని నాణేన్ని గుర్తుపట్టాలంటే లైటు కింద మెల్లగా తిప్పండి. మెరుపు చక్రంలా తిరగాలి. బుగ్గ మీద, జుట్టు మీద ఆ మెరుపు తెగి మసకగా ఉంటే చేతులు మారిందన్నమాట. మెరుపు అన్నివైపులా ఒకేలా, గీతలతో, తిరగకుండా ఉంటే నాలాంటివాళ్ళెవరో తోమారు.

వింతగా ఉన్నదంతా తప్పు అచ్చు కాదు

టంకశాలలోనే పొరపాటు జరిగి బయటికొచ్చిన నాణేలకు మంచి ధర ఉంది. బొమ్మ పక్కకు జరిగి అర్ధచంద్రంలా ఖాళీ మిగిలినవి, పైన ఒక పొర పడకుండా ఒకవైపు రాగి రంగులో ఉండి తూకం తగ్గినవి, అంచు కత్తిరించినట్టు వంపు ఉన్నవి. పక్కకు జరిగినవాటిలో సంవత్సరం కనిపిస్తేనే మంచి ధర.

కానీ చేతికొచ్చే వింత డైమ్‌లలో చాలావరకు బయట పాడైనవే. బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్‌లో ఇరుక్కుని నెలలపాటు దొర్లిన డైమ్ చిన్నదైపోయి, అంచు లోపలికి మడుచుకుని ఉంటుంది. కార్ల కింద నలిగినది గుంటలు పడి ఉంటుంది. రెండువైపులా గోధుమరంగుగా ఉంటే నేలలోనో మంటలోనో ఉన్నది. మీరే ఒక ప్రశ్న వేసుకోండి: నాణెం కొట్టే క్షణంలో ఇలా జరిగే మార్గం ఉందా? మార్గం కనిపించకపోతే దాని విలువ పది సెంట్లు. అక్షరాలు జంటగా కనిపించినప్పుడు కూడా, రెండో అక్షరం మెట్టులా చదునుగా ఉంటే అది మిషన్ అదిరినందువల్ల వచ్చింది, ధర ఉండదు. గుండ్రంగా, అక్షరం చివర చీలినట్టు ఉంటే నిపుణుడికి చూపించండి.

ధర ఎక్కడ చూడాలి

అమ్మేవాళ్ళు అడిగే ధర కాదు, కొన్నవాళ్ళు ఇచ్చిన ధర చూడండి. ఈబేలో వెతికి, అమ్ముడైన వస్తువులు మాత్రమే చూపించే ఫిల్టర్ పెట్టండి. ఎవరైనా మామూలు డైమ్‌కి 10,000 డాలర్లు అని రాసి పెట్టుకోవచ్చు, అది ఏళ్ళ తరబడి అలాగే ఉంటుంది. నాణెం అసలుదేనా, ఏ స్థితిలో ఉంది అని తేల్చి సీలు చేసి ఇచ్చే పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే రెండు గ్రేడింగ్ సంస్థల వెబ్‌సైట్లలో ధరల పట్టికలు ఉచితంగా చూడవచ్చు. కానీ ఆ ధరలు వాళ్ళు సీలు చేసిన నాణేలకు. విడి నాణేనికి అంతకన్నా తక్కువే వస్తుంది. హెరిటేజ్ వంటి వేలం సంస్థలు పాత వేలాల ఫలితాలు ఫోటోలతో సహా ఉంచుతాయి, మీ నాణెంతో పక్కపక్కన పెట్టి పోల్చడానికి అవి చాలా ఉపయోగం.

ఆ రెండు సంస్థలకు పంపించి గ్రేడ్ చేయించాలంటే ఫీజు, పోస్టేజి, బీమా కలిపి ఒక్కో నాణేనికి పదుల డాలర్లు అవుతుంది. నా లెక్క ఇది: అమ్ముడైన ధర కనీసం 200 డాలర్లు కనిపిస్తేనే పంపండి. 1916 'డి' విషయంలో మాత్రం గ్రేడింగ్ తప్పనిసరి. అక్షరం లేని ఫిలడెల్ఫియా నాణెం మీద 'డి' అతికించి అమ్మే మోసం పాతకాలం నుంచీ ఉంది. అసలు వాటిని నాలుగు అచ్చులతోనే కొట్టారు, కాబట్టి అక్షరం ఉండగలిగే చోట్లు కూడా నాలుగే. నిపుణులు ముందు చూసేది అదే. మీరు కొనేవైపు ఉంటే సీలు లేని 1916 'డి' ఎంత చవకగా వచ్చినా కొనకండి.

అమ్మేటప్పుడు కనీసం ఇద్దరు వ్యాపారులను అడగండి. వ్యాపారి పట్టికలోని ధర ఇవ్వడు, ఆ తేడా అతని బతుకుతెరువు, అందులో తప్పు లేదు. కొలరాడో స్ప్రింగ్స్‌లో ఉన్న నాణేల సేకర్తల సంఘం, అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్, 1891 నుంచి ఉంది, దాని సభ్యులైన వ్యాపారుల వివరాలు అక్కడ దొరుకుతాయి. ముందు ఫీజు కట్టండి, తర్వాత కొంటాం అనేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి. ఇండియాలో కూడా ఇదే పద్ధతిలో మోసాలు జరుగుతున్నాయి. తన పేరు వాడుకుని పాత నాణేలకు కమిషన్, ఫీజు అడుగుతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. ఇంటి దగ్గర అమ్మానాన్నల చేతిలో మీరిచ్చిన డైమ్‌లు ఏమైనా ఉంటే ఈ మాట వాళ్ళకూ చెప్పండి.

వెంటనే అమ్మనక్కరలేదు అనుకుంటే అట్టముక్కల మధ్య పారదర్శక పొర ఉన్న చిన్న హోల్డర్లు కొనండి. మెత్తగా, జిడ్డుగా ఉండే ప్లాస్టిక్ కవర్లు వద్దు, వాటిలోని పీవీసీ కొన్నేళ్ళకు నాణెం మీద ఆకుపచ్చ జిగురు వదులుతుంది. హోల్డర్ మీద సంవత్సరం, అక్షరం, తూకం, ఎక్కడ దొరికింది అన్నవి రాయండి. నాణేనికి జరిగినదేమైనా మీకు తెలిస్తే అదీ రాయండి. నా 1921 డైమ్ అలాంటి హోల్డర్‌లోనే ఉంది. సంవత్సరం కింద 'తోమినది' అని రాసి పెట్టాను, నా తర్వాత ఎవరి చేతికి వెళ్ళినా వాళ్ళు మోసపోకుండా.